ఊ అనేదాకా

తడి దుప్పటిని ఇద్దరు కలిసి రోలరుకు అందించాలి. కుడి మూల ఒకరు, ఎడమ మూల ఒకరు పట్టుకుని ఒక్కసారి ఫటేలుమని విదిలిస్తారు. ముడతలు పోయిన అంచును కదిలే పట్టీల మీద పరిచి, బిగువు సడలకుండా రోలరు నోటిదాకా తీసుకుపోతారు. రోలరు అంచును అందుకోగానే వేళ్లకు చిన్న లాగుడు తెలుస్తుంది, గాలానికి చేప తగిలినట్టు. అప్పుడు ఇద్దరూ ఒకేసారి వదలాలి. ఒకరు ముందు వదిలితే గుడ్డ పక్కకు ఈడ్చుకుపోయి ముడతపడి వస్తుంది. ఆలస్యంగా వదిలితే దుప్పటితో పాటు వేళ్లూ పోతాయి. రోలరుకు గుడ్డా చెయ్యీ ఒక్కటే, రెంటినీ ఇస్త్రీ చేస్తుంది.

అందుకని కుడివైపు నిలబడ్డ మనిషి "ఊ" అంటుంది. ఆ మాట వినగానే రెండోమనిషి కళ్లు మూసుకుని వదిలేస్తుంది. ఆ ఆసుపత్రి లాండ్రీలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి అది.

కుడివైపు నిలబడేది పెద్దక్క. పేరు వేరే ఉంది కానీ, అక్కడ ఆమెను ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. ఎడమవైపు పిట్ట. మనిషి గుప్పెడంత, నోరు బస్తాడంత. దుప్పటి వెనక దుప్పటి పోతూ ఉంటుంది, పిట్ట నోరు పోతూ ఉంటుంది, మధ్యమధ్య పెద్దక్క "ఊ" అంటూ ఉంటుంది. కొత్తగా చూసినవాళ్లు ఆమె పిట్ట కబుర్లకు ఊకొడుతోందనుకుంటారు.

"అక్కా, మా ఆడబిడ్డ పొద్దున్నే దిగింది. సంచీ చూస్తే నెల్లాళ్లకు సరిపడా ఉంది. నోరు చూస్తే ఏడాదికి సరిపడా ఉంది."

"ఊ."

"అది ఊకొట్టడమా, గుడ్డ వదలమనడమా?"

"రెండూ."

పిట్ట నవ్వింది. పెద్దక్క నవ్వలేదు. ఆమె చూపు రోలరు నోటి మీదే ఉంది. ఇదివరకు ఆమె అటు చూసేదే కాదు. గోడ మీద బల్లిని చూస్తూ, పిట్ట ముఖాన్ని చూస్తూ, ఒక్కోసారి ఏమీ చూడకుండా కూడా "ఊ" అనేది. చూసేపని వేళ్లు చూసుకునేవి. ఈమధ్య కుడిచేతి వేళ్లు కబురు పంపడం మానేశాయి. మొదట చిటికెన వేలు, తర్వాత దాని పక్కది. ఇప్పుడు బొటనవేలు తప్ప అన్నీ ఎవరివో తెచ్చి తగిలించినట్టున్నాయి. గుడ్డ పట్టుకున్నాయో లేదో కంటితో చూసుకుంటే తప్ప తెలియదు. లాగుడు అసలే తెలియదు. అంచు రోలరు కిందికి దూరడం కళ్లారా చూసి, అప్పుడు "ఊ" అంటోంది.

కన్ను వేలంత చురుకైనది కాదు. ఆవిరి అడ్డం వస్తుంది. రెప్ప పడుతుంది.

రోలరు ముందర అడ్డంగా ఒక ఇనపకడ్డీ ఉంది. వేళ్లు దానికి తగిలితే యంత్రం దానంతటదే ఆగిపోతుంది. గార్డు అంటారు దాన్ని. కానీ మోచెయ్యి తగిలినా ఆగుతుంది, దుప్పటి మడత తగిలినా ఆగుతుంది. ఆగిందంటే చుట్టూ తిరిగి వెళ్లి మీట నొక్కాలి, రోలరు మళ్లీ వేడెక్కేదాకా నిలబడాలి. ఈలోపు వెనక తడిగుడ్డలు కొండైపోతాయి. అందుకని ఆ కడ్డీని చింపిన దుప్పటి పేలికతో పైకి ఎత్తికట్టేశారు. ముడి వేసింది పెద్దక్కే. పేలిక మసిబారి, ఆవిరికి బిగిసి, ఇప్పుడు యంత్రంలో ఒక భాగంలా కలిసిపోయింది. సూపర్‌వైజర్లు మారారు. ఎవరూ దాన్ని చూసినట్టు కనపడలేదు.

ఇప్పుడున్న సూపర్‌వైజరు కొత్తవాడు. నెమ్మదస్తుడు. గొంతు పెంచి ఎరగడు. అతను పొద్దున్నే అందర్నీ నిలబెట్టి మాట్లాడుతుంటే మెత్తటి దిండు మీద తల ఆనించినట్టుండేది.

"పని కష్టంగా ఉంటే దాచుకోకండమ్మా. ఇందులో సిగ్గుపడేదేం లేదు. నా దగ్గరికొచ్చి 'ఐయామ్ స్ట్రగ్లింగ్ సార్' అనండి, చాలు. ఇంకేం చెప్పక్కర్లేదు. నేనూ అంటుంటాను, మా పైవాళ్లూ అంటుంటారు. మామూలు మాట."

అందరికంటే ముందు ఆ మాట నమ్మినవాడు బండి బాబాయి. వార్డుల్లోంచి గుడ్డల బండి తోసుకొచ్చే మనిషి. మోకాళ్లు నొప్పులు. సంతోషంగా వెళ్లి, నేర్చుకున్నట్టే చెప్పాడు. సూపర్‌వైజరు భుజం తట్టి, "చెప్పి మంచిపని చేశావు" అన్నాడు. బండి తప్పించి మురికిగదిలో గుడ్డలు ఏరే పనిలో పెట్టాడు. కొన్నాళ్లకు అక్కడ మనుషులు ఎక్కువయ్యారన్నారు. ఒకరోజు బాబాయి ఆఫీసు గది ముందు బల్ల మీద చాలాసేపు కూర్చుని, లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత రాలేదు. ఎవరూ అరవలేదు, ఎవరూ తిట్టలేదు. అదే అందర్నీ భయపెట్టింది.

అప్పట్నుంచి లాండ్రీలో ఆ మాట చావుకబురైంది. ఇస్త్రీపెట్టె కాలిపోతే "స్ట్రగ్లింగ్ అయిపోయింది" అనేవాళ్లు. ఎలుక చచ్చి పడుంటే, "పాపం, సార్‌తో చెప్పుకున్నట్టుంది" అనేది పిట్ట.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కూతురు అరుగు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. చొక్కా గుండీ ఊడింది. దారం కొన నోట్లో తడిపి, ఒంటికన్ను మూసి, నాలుక బయటపెట్టి తంటాలు పడుతోంది.

"అమ్మా, స్ట్రగుల్ అవుతున్నానే. రావే కాస్త."

పెద్దక్క చెప్పులు విడుస్తున్నదల్లా ఆగిపోయింది. "ఏమన్నావు?"

"దారం ఎక్కట్లేదే. స్ట్రగుల్ అవుతున్నా అన్నాను."

"ఆ మాట అనకు."

"బూతుమాటేం కాదే తల్లీ. కాలేజీలో రోజుకు వందసార్లంటాం. లెక్క రాకపోతే స్ట్రగుల్, బస్సెక్కలేకపోతే స్ట్రగుల్. సీసా మూత ఊడిరాకపోయినా అదే." కూతురు పకపకా నవ్వింది. ఆ నోట్లో ఆ మాటకు బరువే లేదు. దూదిపింజలా ఎగిరిపోయింది. పెద్దక్క ఆశ్చర్యంగా చూసింది. అదే మాట పొద్దున్న ఆ గదిలో గుండురాయిలా ఉంటుంది.

"ఇలా తే," అని సూది అందుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "నువ్వే ఎక్కించుకో. కళ్లు బాగున్నవాళ్లకు నేనెందుకు?"

లోపలికి వెళ్లి పొయ్యి మీద గిన్నె దించింది. మూత పక్కన పెట్టింది. గరిటె తీసుకుంది. ఏదో కమురువాసన. కూర అడుగంటిందేమో అనుకుని వంగి చూసింది. అడుగంటలేదు.

"అమ్మా! చెయ్యి!"

గుమ్మంలో నిలబడ్డ కూతురు ఒక్క గెంతులో వచ్చి ఆమె మణికట్టు పట్టి లాగింది. మూడు వేళ్లు గిన్నె అంచుకు ఆనే ఉన్నాయి. చర్మం తెల్లగా లేచింది. కూతురు ఆ చేతిని నీళ్లలో ముంచి పట్టుకుంది. నీళ్లు చల్లగా ఉన్నాయో వేడిగా ఉన్నాయో పెద్దక్కకు తెలియలేదు. కూతురి కళ్లలో నీళ్లు చూసి, మంటగా ఉన్నట్టు ముఖం పెట్టింది.

"మండుతోందా?"

"ఊ."

"అబద్ధం." కూతురు ఆ వేళ్లను ఒక్కొక్కటే గట్టిగా నొక్కింది, తల్లి ముఖంలోకే చూస్తూ. "ఇది? ఇది? ... ఎన్నాళ్లనుంచమ్మా?"

"తిమ్మిరే. పోతుంది."

"డాక్టరుకు చూపించుకో. పనిలో చెప్పు. కష్టంగా ఉందని చెప్పడానికేం?"

పెద్దక్క తడిచెయ్యి చీరకొంగులో చుట్టుకుంది. "చెప్పడం నీకు తేలికే. నాకు చెప్పాక ఏం మిగులుతుంది? ఈ గది అద్దె, నీ చదువు, అంతా ఈ చేతిమీదే కదా నడిచేది."

ఆ రాత్రి అన్నం కూతురే కలిపి పెట్టింది. పెద్దక్క వద్దనలేదు.

మర్నాడు వేళ్లకు గుడ్డ చుట్టుకుని వెళ్లింది. పిట్ట చూసింది కానీ అడగలేదు. అడగకపోవడం పిట్ట స్వభావం కాదు.

ఆరోజు గుడ్డ విపరీతంగా వచ్చింది. ఆవిరి గది నిండా కమ్ముకుంది. ఎదుటి మనిషి ముఖం పలచటి తెర వెనక ఉన్నట్టుంది. ఫటేల్, పరచు, ఊ. ఫటేల్, పరచు, ఊ. పెద్దక్క కళ్లలోకి చెమట దిగింది. రెప్ప వేసింది. తెరిచేసరికి అంచు లేదు.

"ఊ!"

పిట్ట చెయ్యి అప్పటికే ముందుకు సాగిపోయింది. ఒళ్లంతా వెనక్కి విరిచి గుంజుకుంది. కాలు జారి వెనక తడిగుడ్డల కుప్ప మీద వెల్లకిలా పడింది. దుప్పటి రోలరులోకి వంకరగా ఈడ్చుకుపోయి, అటువైపు నలిగి బయటపడింది.

పిట్ట కుప్ప మీదే కూర్చుని తన వేళ్లను ఒకటొకటిగా ముడిచి, తెరిచి చూసుకుంది, పిల్లలు లెక్క నేర్చుకున్నట్టు. చూపుడువేలి కొన ఎర్రగా కందింది. గోరు చివర కొద్దిగా కమిలింది. అంతే.

"ఏమైంది?" సూపర్‌వైజరు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో.

పెద్దక్క నోరు తెరిచింది.

"కాలు జారింది సార్," అంది పిట్ట లేస్తూ. "నేల తడి. మా ఆడబిడ్డ దిష్టి కూడా ఉంది లెండి."

అతను నవ్వాడు. పైకి ఎత్తికట్టిన గార్డు వైపు ఒక్క క్షణం చూశాడు. చూపు తిప్పుకుని వెళ్లిపోయాడు.

తర్వాత భోజనాలదాకా పిట్ట నోరు మెదపలేదు. పెద్దక్క "ఊ" అనకముందే ఆమె చెయ్యి వదిలేస్తోంది. గుడ్డలు ముడతపడి వస్తున్నాయి. భోజనాల దగ్గర ఇద్దరూ ఎప్పటిలాగే పక్కపక్కనే కూర్చుని డబ్బాలు తెరిచారు. పిట్ట కందిన వేలు నోట్లో పెట్టుకుని కూర్చుంది.

"పిల్లా," అంది పెద్దక్క.

"తిను అక్కా. చల్లారిపోతుంది."

"సార్‌తో చెబుతావా?"

పిట్ట వేలు నోట్లోంచి తీసింది. "నీకు తెలియట్లేదు కదూ? చేతికి?"

పెద్దక్క డబ్బా మూత పెట్టేసింది. మూత సరిగ్గా కూర్చోలేదు. పిట్టే అందుకుని నొక్కింది.

ఆ రాత్రి పెద్దక్కకు నిద్ర పట్టలేదు. పిట్ట చెబుతుంది. చెప్పక ఏం చేస్తుంది? ఎవరి వేళ్లు వాళ్లకు తీపి. చెబితే తప్పు కూడా కాదు. ఈ ఆలోచన చుట్టూ గానుగెద్దులా తిరిగింది. పక్కన కూతురు ప్రశాంతంగా నిద్రపోతోంది. తెల్లారకుండా ఉంటే బాగుండుననిపించింది.

తెల్లారింది. అందరూ వరసగా నిలబడ్డారు. సూపర్‌వైజరు ఎప్పటిలాగే, "ఎవరికైనా ఏమైనా చెప్పుకోవాలని ఉందా?" అన్నాడు. ఎప్పటిలాగే అందరూ తమ పాదాల వైపు చూసుకున్నారు.

"నేను సార్," అంది పిట్ట.

పెద్దక్క గుడ్డ చుట్టిన చేతిని కొంగు కింద దాచుకుంది.

"ఐయామ్ స్ట్రగ్లింగ్ సార్." అప్పజెప్పిన పాఠంలా గబగబా అనేసింది. "రోలరు దగ్గర నావల్ల కావట్లేదు. వేడికి కళ్లు తిరుగుతున్నాయి. నిన్న పడింది అందుకే."

వరసలో ఎవరో ఊపిరి బిగబట్టారు. సూపర్‌వైజరు ముఖం విప్పారింది. "మంచిపని చేశావమ్మా, చెప్పి. మురికిగదికి వెళ్లు ఇవాళ్టినుంచి."

పెద్దక్క ఒంట్లోంచి భయం నీళ్లలా దిగిపోయింది. బతికాను, అనుకుంది. అనుకున్న మరుక్షణం ముఖం కంపరంగా పెట్టింది, చెడిపోయినదేదో నమిలినట్టు.

నడవాలో పిట్టను ఆపింది. "ఎందుకలా అన్నావే?"

"నీ పేరు నేను చెప్పలేను. అక్కడ నిలబడనూ లేను. నా వేళ్లు నాకు కావాలక్కా." పిట్ట ముక్కు చీదింది. "అయినా మురికిగదిలో మాట్లాడుకోవడానికి బోలెడు తీరిక. వినేవాళ్లే లేరు, అంతే తేడా."

నవ్వబోయింది కానీ రాలేదు. వెళ్లిపోయింది.

ఎడమవైపుకి కొత్తమనిషిని తెచ్చి నిలబెట్టారు. ఈమధ్యే పెళ్లయిన పిల్ల. గాజు కూడా సరిగ్గా అరగని చేతులు. గోళ్లకు రంగు. యంత్రాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"భయపడకు," అంది పెద్దక్క. ఆ మాట తన చెవులకే వింతగా ఉంది.

ఆ పిల్ల విదిలిస్తే దుప్పటి ఫటేలుమనడం లేదు, ముసలికాకి రెక్కలా తపతపలాడుతోంది. రెండు గుడ్డలు అడ్డదిడ్డంగా పోయాయి. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"స్ట్రగుల్ అవుతున్నా పిన్నీ. సార్ పొద్దున చెప్పారు, కష్టమైతే ఆ మాట చెప్పమని. వెళ్లి చెప్పనా?"

"వద్దు!" పెద్దక్క అరిచినంత పని చేసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఆ మాట ఇక్కడ అనకమ్మా. ఇంట్లో అను. నాతో అను. నేను నేర్పుతాను," అంది.

పిల్ల ముక్కు తుడుచుకుంది. "ఎప్పుడు వదలాలో నాకు తెలియట్లేదు."

"నేను ఊ అంటాను."

"మీరు ఊ అంటే వదిలెయ్యడమేనా?"

"అంతే."

"హమ్మయ్య." పిల్ల ముఖం తేటపడింది. "అయితే ఇంక నేను అటు చూడనే చూడను. నాకు ఆ రోలరును చూస్తేనే వణుకు. మీ ముఖమే చూస్తూ ఉంటాను. మీరు ఊ అనేదాకా వదలను."

దుప్పటి తీసుకుంది. మూల పట్టుకుంది. పట్టడమంటే అలా ఇలా కాదు, ప్రాణం పట్టుకున్నట్టు పట్టుకుంది. రంగుగోళ్లు తెల్లబడేలా. కళ్లు పెద్దవి చేసి పెద్దక్క ముఖంలోకే చూస్తూ నిలబడింది. తెరిచిన ఆ రెండు కళ్లలో కాస్తైనా అనుమానం లేదు.

పెద్దక్క తన మూల పట్టుకుంది. పట్టుకుందో లేదో చూసుకుంది. పట్టీల మీద అంచు కదిలింది. ఆవిరి లేచింది. పిట్టకు అనుభవం ఉంది, అందుకే గుంజుకోగలిగింది. ఈ పిల్ల గుంజుకోదు. ఊ అనేదాకా వదలనంది. మాట మీద నిలబడే రకం.

అంచు రోలరు నోటికి జానెడు దూరంలో ఉంది.

"వదిలెయ్!"

పిల్ల ఉలిక్కిపడి వదిలేసింది. పెద్దక్కా వదిలేసింది. దుప్పటి ఉండలా చుట్టుకుని రోలరులోకి పోయింది. పెద్దక్క చుట్టూ తిరిగి వెళ్లి ఎర్రమీట అరచేత్తో కొట్టింది. రోలరు మూలుగుతూ, నెమ్మదించి, ఆగింది. మడతపెట్టేవాళ్లు తలలెత్తి చూశారు.

ఆమె వచ్చి గార్డుకు కట్టిన పేలిక పట్టుకుంది. కుడిచేతి వేళ్లకు ముడి దొరకలేదు. ఎడమచేత్తో లాగింది. రాయిలా ఉంది.

"నేను విప్పనా పిన్నీ?"

"నీకెందుకు? వేసింది నేను."

వంగి పళ్లతో పట్టింది. మసి, సబ్బు, పాత చెమట, అన్నీ కలిసిన రుచి. మెడ నరాలు బిగిశాయి. ఓ పోగు తెగింది. ఇంకో పోగు. పేలిక ఊడి నేల మీద పడింది. ఇనపకడ్డీ టక్కున కిందికి దిగి రోలరు నోటికి అడ్డంగా నిలబడింది.

"దీనికి వేలు తగిలితే యంత్రం ఆగుతుంది," అంది నోరు తుడుచుకుంటూ. "ఆగనీ. ఎన్నిసార్లైనా ఆగనీ. మళ్లీ కడదామని ఎవరన్నా అంటే కట్టనివ్వకు. ఎవరి ఊ కోసమూ చూడకు. విన్నావా?"

మడతపెట్టేవాళ్లలో గట్టిమనిషిని ఒకామెను పిలిచి కుడివైపు నిలబెట్టింది. తన ఏప్రాను విప్పి కొక్కేనికి తగిలించింది. నడిచివెళ్లి ఆఫీసు గది ముందున్న బల్ల మీద కూర్చుంది, బాబాయి కూర్చున్న చోట.

సూపర్‌వైజరు బయటికి వచ్చాడు. ఆమెను చూసి అదే మెత్తటి నవ్వు నవ్వాడు. "ఏంటమ్మా? స్ట్రగ్లింగా?"

"కాదు బాబూ." పెద్దక్క చేతి గుడ్డ విప్పి, బొబ్బలెక్కిన వేళ్లు అతని ముందు చాపింది. "ఈ చెయ్యి చచ్చిపోయింది. కాలినా తెలియట్లేదు. నిన్న పిట్ట పడింది నావల్లే. నేల తడికి కాదు. నేనక్కడ నిలబడితే ఆ పిల్ల చెయ్యి పోతుంది."

అతని నవ్వు ఉన్నచోటే ఉంది కానీ, ఏం చెయ్యాలో దానికి తెలియనట్టుంది. ఆ మాటకైతే అతని దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. దీనికి లేదు. లోపల యంత్రం మొదలైంది. కొద్దిసేపు నడిచి, ఠక్కుమని ఆగిపోయింది.

"ఎందుకాగింది?"

"పిల్ల వేళ్లు తగిలుంటాయి. గార్డుకు కట్టిన కట్టు విప్పాను."

అతను లోపలి తలుపు వైపు, ఆమె వేళ్ల వైపు చూశాడు. "ఇలాగైతే సాయంత్రానికి పని తెమలదమ్మా."

"తెమలదు," అంది పెద్దక్క.

అతను నిలబడ్డాడు. వేళ్ల వైపు మళ్లీ చూడలేదు. "కూర్చో. పైవాళ్లతో మాట్లాడి వస్తాను," అని గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

మురికిగుడ్డల బండి తోసుకుంటూ పిట్ట అటుగా వచ్చింది. ఆమెను చూసి బండి వదిలేసి పరుగున వచ్చింది.

"అక్కా! ఇక్కడ కూర్చున్నావేంటి? చెప్పేశావా?"

"చెప్పేశాను."

"ఇంగ్లీషులోనా?"

"నాకెక్కడొచ్చే! మామూలుగానే చెప్పాను."

పిట్ట తలపట్టుకుని పక్కన కూలబడింది. "ఇప్పుడేం చేస్తావు?"

ఏం చేస్తుందో పెద్దక్కకూ తెలియదు. సాయంత్రం కూతురికి ఏం చెప్పాలో తెలియదు. తలుపు తెరుచుకున్నాక ఏం వినాల్సి వస్తుందో మాత్రం తెలుసు. భయం అలాగే ఉంది. కాకపోతే ఇది తన భయం, తన మటుకే. ఇందులో ఇంకెవరి వేళ్లూ లేవు. పిట్ట ఆమె కుడిచెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. పట్టుకుందని పెద్దక్క కంటితో చూసి తెలుసుకుంది.

లోపల యంత్రం మళ్లీ నడిచింది. ఇద్దరూ చెవులు రిక్కించారు. ఫటేల్‌మని గుడ్డ విదిలించిన చప్పుడు, ఈసారి కాస్త గట్టిగానే. తర్వాత ఠక్కుమని ఆగింది.

"ఊ," అంది పెద్దక్క, ఎవరికీ వినపడకుండా.